అక్క లగ్గం ఫొటోల గురించి

బిడ్డా,

ఫోన్ల మాట్లాడితే సగం మీ అమ్మ గుంజుకుంటది, మిగిలిన సగం నువ్వు "సరే బాపూ, సరే బాపూ" అని దాటేస్తవు. అందుకే కూసోని రాస్తున్న. నువ్వు తీసిన అక్క లగ్గం ఫొటోలు, పుణె పోయేటప్పుడు ఇచ్చిన పెన్‌డ్రైవుల ఉన్నయి మొత్తం చూసిన. టీవీకి పెట్టి ఒకసారి, కంప్యూటర్ల పెద్దగ చేసుకోని ఇంకోసారి.

ఆదివారం పొద్దుగాల చార్మినార్ కాడ నీ దోస్తులు చాయ్ తాక్కుంట ఏమేం అన్నరో అన్నీ ఏకరువు పెట్టినవు గదా. ఒకడు నాయిస్, అంటే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలున్నయి అన్నడు, ఒకడు పసుపు ఎక్కువైంది అన్నడు, ఒకడు ఇద్దరి మొహాలు ఒక్కతీరుగ షార్ప్ లెవ్వు అన్నడు, ఇంకొకడు సగం తీసి పారెయ్ అన్నడు. కొత్త కెమెరాను డబ్బాల పెట్టి పైన పడేస్త అనే దాకా పోయింది నీ కోపం. నన్నడిగితే ఆ నలుగురు మంచి దోస్తులే. "సూపర్" అని బొటనవేలు చూపించి లేచిపోయేటోళ్లతోని నీకు ఒరిగేదేం లేదు. అయితే వాళ్లు అన్నదంత ఒకటే బరువుది కాదు, ఒక్కొక్కటి చెప్త.

ముందుగాల వాళ్లెవ్వరు పట్టుకోనిది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తీసినవాట్లల్ల పెండ్లికొడుకు ధోవతి మీద అడ్డంగ మసక చారలున్నయి చూడు. చిన్న తెర మీద కనపడయి. కెమెరా ఖరాబ్ కాలే. మంత్రాల నడుమ టకటక అంటే బాగుండదని నువ్వు సైలెంట్ షట్టర్, అంటే సప్పుడు చెయ్యని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టినవు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే లైట్లు చానా మటుకు సెకనుకు 100 సార్లు తగ్గుతయి, పెరుగుతయి. కంటికి తెల్వదు. ఎలక్ట్రానిక్ షట్టరేమో బొమ్మను పైకెల్లి కిందికి ఒక్కొక్క వరుస చదువుతది. ఒక వరుస వెలుగుల పడితే ఇంకోటి మసకల పడ్తది. మెకానికల్ షట్టర్ పెట్టుకొని స్పీడు సెకనుల 100వ వంతు చేస్తే ఆ చారలు చానా వరకు పోతయి. వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరలది మాత్రం వేరే లెక్క, దేని వేగం దానిదే. లగ్గానికి ముందే రెండు మూడు తీసి చూసుకోవాలె. ఇగ సప్పుడంటవా, నాగోల్ ఫంక్షన్ హాల్ల గట్టిమేళం మోగుతుంటే, ఇద్దరు వీడియోవాళ్లు, డ్రోన్ పిల్లగాడు, స్టేజీ మీద వందమంది చుట్టాలు ఉంటే నీ షట్టర్ ఎవరికి ఇనపడ్తది?

షార్ప్ లెవ్వన్న పిల్లగాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పుస్తె కట్టేటప్పుడు అక్క కనురెప్పల ఎంట్రుకలు లెక్కపెట్టొచ్చు, బావ మొహమేమో మబ్బుల ఉన్నది. 85 ఎంఎం లెన్సును ఎఫ్ 2ల, అంటే లెన్సు కన్ను బాగ తెరిచి పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే షార్పుగ ఉండే మందం ఆరేడు సెంటీమీటర్లే. అక్క తల ముందటికి వంచింది, బావ వెనకనుంచి వంగి ముడి వేస్తున్నడు. ఆ ఇద్దరి మొహాలు ఆరేడు సెంటీమీటర్లల్ల ఎట్ల పడ్తయి? కన్ను కొంచెం మూసి ఎఫ్ 4 పెట్టి మూడు మీటర్లకు జరుగు, అడుగు మందం దొరుకుతది. వెనక మసక తగ్గుతది, తగ్గనీ. లగ్గంల వెనక నిలబడ్డోళ్లు మన మేనమామలు, చిన్నాయనలు. వాళ్లను మసకచేస్తే రేపు ఇంటికాడ జవాబు చెప్పుకునేది నేను.

నాయిస్ అన్నోని మాట పక్కన పెట్టు. తలంబ్రాలు పోసేటప్పుడు షట్టర్ సెకనుల 500వ వంతు పెట్టి, వెలుతురు చాలదని ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పెంచి చూపే లెక్క, 6400 దాకా పోయినవు, మంచి పని చేసినవు. బియ్యపు గింజలు ఒక్కొక్కటి గాలిల ఆగి కనపడుతున్నయి, అక్క నవ్వు ఆపుకుంటున్నది. నీ కెనాన్ ఆర్6 మార్క్ టూది 24 మెగాపిక్సెల్, 12 బై 18 అంగుళాల ప్రింటుకు మస్తు సరిపోతది. ఆ సైజుల ప్రింటు వేపిచ్చి చేతిల పెట్టి, ఇప్పుడు నాయిస్ చూపించుమను. తెర మీద నూటికి నూరు శాతం పెంచి చూసుడు మీ తరంవాళ్లకు ఒక రోగం.

పసుపు సంగతిల మాత్రం నేను ఒప్పుకోను. వాడు తన ల్యాప్‌టాప్‌ల సాఫ్ చేసి ఇచ్చిన ఫొటో కూడ చూసిన. తలంబ్రాలు రేషన్ బియ్యం లెక్క తెల్లగైనయి. అక్క కణతల మీద, మెడ మీద నలుగు పెట్టిన పసుపు ఇంక మిగిలే ఉన్నది, ఆ పసుపంత తుడిచేసిండు పాపం. మొహం పసుపుపచ్చగ ఉంటే తప్పని ఆ పిల్లగాని లెక్క. లగ్గంనాడు పసుపుపచ్చగ లేకుంటేనే తప్పు. రంగు సరి చూసుకోవాల్నంటే తెల్లది ఏదుందో దాన్ని పట్టుకో. ఇద్దరి నడుమ పట్టిన అడ్డుతెర తెల్లది, దాని మీద స్వస్తిక్ రాయని మూల పట్టుకొని వైట్ బ్యాలెన్స్ చెయ్యి. తెర తెల్లగైతే చాలు, తక్కినవి వాటి రంగుల అవి ఉంటయి.

చిక్కడపల్లిల మన స్టూడియో నడిచిన రోజులల్ల నా యాషికా మ్యాట్ ఫిల్మ్ కెమెరాల రీలుకు 12 బొమ్మలే. జీలకర్ర బెల్లం దగ్గరికొస్తుందంటే పాత రీలుల నాలుగైదు మిగిలినా సరే తీసేసి కొత్త రీలు ఎక్కించుకునేటోన్ని. ముహూర్తం నా రీలు కోసం ఆగదు గదా. నువ్వు కూడ ఆ టైముకు ముందు బ్యాటరీ మార్చు, ఉన్న బ్యాటరీల సగం ఉన్నా మార్చు. నీ కెమెరాకు రెండు కార్డులు పడ్తయి, రెండింట్ల ఒకటే బొమ్మ పడేటట్టు పెట్టు. రెండోదాంట్ల వీడియో తీసుకుంట అని ఆశపడకు.

ఇప్పుడు అసలు ముచ్చట. అక్కను తయారుచేసే గదిల నువ్వు తీసినవాటిని నీ దోస్తులు గబగబ దాటేసిన్రంట. కిటికీ వెలుతురు తక్కువుంది, ఒకరిద్దరు కదిలిన్రు, నిజమే. గని వాటిని చూసుకుంట నేను చానాసేపు కూసున్న. మీ పెద్దమ్మ పూలజడ కుట్టుకుంట నోట్ల సూది పెట్టుకున్నది. నాయనమ్మ వడ్డాణం పట్టకపోతే దారం కడుతున్నది. అక్క ఒక చేతిల ఫోన్, ఇంకో చేతిల ఇడ్లీ ముక్క. ఇన్ని లగ్గాలు తీసినా ఆ గదిలోపలికి నేను ఎన్నడు పోలే. తలుపు కాడ నిలబడితే, "అన్నా, అయినంక పిలుస్తం" అని తలుపేసేటోళ్లు. అంత అయినంక పిలిస్తే అందరు బిగుసుకొని వరుసగ నిలబడేటోళ్లు.

ఈ ఊర్ల ఇది పాత ముచ్చటే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువుల లాలా దీన్ దయాళ్ అని పెద్ద ఫొటోగ్రాఫర్ ఉండె, నిజాం ఆయనకు రాజా బిరుదు కూడ ఇచ్చిండు. పరదా పాటించే ఆడవాళ్లు మగోని ముందర కూసోని ఫొటో తీయించుకోరు గదా. అందుకే 1892ల హైదరాబాద్‌ల వాళ్ల కోసమే జెనానా స్టూడియో పెట్టిండు. బయటికి కనపడకుండ ఎత్తు గోడలు, లోపల పని చేసేటోళ్లంత ఆడవాళ్లు, ఒక ఇంగ్లీషు దొరసాని చూసుకునేది. అంత పెద్దాయన కూడ ఆ తలుపు బయటనే ఆగిండు, నేనెంత? నువ్వు చెప్పులిడిచి సీదా లోపలికి పోయినవు, ఎవ్వరు నీ దిక్కు తలెత్తి కూడ చూడలే. నలుగురు మగపిల్లలు చూసిన్రు కాబట్టి వాళ్లకు వెలుతురే కనపడ్డది. ఈసారి చూపిచ్చేటప్పుడు అక్క దోస్తులను కూడ పిలువు. వాళ్లల్ల ఒకరికన్న కెమెరా పట్టుడు అస్సలు రాకపోతే ఇంక మంచిది.

సగం పారెయ్ అన్నది కొంచెం నిజం, కొంచెం కాదు. దోస్తులకు చూపిచ్చేది ఇరవై దాటొద్దు, వాళ్లకు పెండ్లి పిల్ల ఎవరో తెల్వదు, బొమ్మ ఒక్కటే తెలుసు. చుట్టాలకు మాత్రం ఏదీ పారెయ్యకు. మీ మేనత్త నాలుగు వందలు చూసి, "అన్నీ మంచిగున్నయి గని నా పట్టుచీర అంచు యాడ కనపడలే" అన్నది. అది కూడ అభిప్రాయమే మరి, దాన్ని కూడ రాసిపెట్టుకో. ఆమె కొడుకు లగ్గం మాఘంల ఉన్నది, నిన్నే తియ్యమంటున్నది, పైసల ముచ్చట మాత్రం ఎత్తలే.

కార్డులు ఇప్పుడే ఫార్మాట్ కొట్టకు. నేను ఇంకో హార్డ్‌డిస్క్‌ల ఎక్కించుకున్నంక చెప్త. కోఠి గుజరాతీ గల్లీల నీ కెమెరా బ్యాటరీ రేటు అడిగొచ్చిన, కంపెనీదే తీసుకుంట, సగం ధరది వద్దు.

నిన్న అక్క అత్తగారింటికెల్లి ఫోన్ చేసింది. స్టేజీ ఫొటోలల్ల ఏదీ అడగలే, ఆ గదిల ఇడ్లీ ముక్క పట్టుకున్నది పెద్ద సైజుల కావాలంట, మీ బావకు తెల్వకుండ. దాని రా ఫైల్, కెమెరా పట్టింది పట్టినట్టు ఉండేది, పంపు. పసుపు మీద చెయ్యి పెట్టకు, నేనే ప్రింటు వేపిచ్చి ఇచ్చొస్త.

బాపు