మన ‘వెదురు సాక్సుల’ గురించి ఒక మాట

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా మన షాపులో బాగా పోతున్నవి వెదురు సాక్సులే. ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ‘ప్రకృతికి మేలు చేసే వెదురు నార, సహజంగా యాంటీ బ్యాక్టీరియల్’ అని అచ్చు వేయించి అమ్మాం. ఇక నుంచి ఆ మాటలు వేయం. మీలో చాలామంది వాటిని నమ్మే జతకు నలభై రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నారు. అందుకే కారణం దాచకుండా చెబుతున్నాను.

కిందటి నెల ఖమ్మం నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేశారు. బాటనీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారట. “అమ్మా, వెదురు అంత గట్టిగా ఉంటుంది కదా, ఇంత మెత్తటి దారం ఎలా వచ్చింది? నార తీశారా, గుజ్జు చేశారా?” అని అడిగారు. నాకు తెలియదు. కనుక్కుని చెబుతానండీ అన్నాను. నూలు ఇచ్చే డీలర్‌ని అడిగితే మూడు రోజులు అదీ ఇదీ చెప్పి, చివరికి మిల్లు బిల్లు పంపించాడు. అందులో వెదురు అన్న మాటే లేదు. ‘విస్కోస్’ అని ఉంది.

విస్కోస్ అంటే రేయాన్. వెదురునో కలపనో గుజ్జు చేసి, కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపి జిగట ద్రవంగా మారుస్తారు. దాన్ని సన్నటి రంధ్రాల్లోంచి సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్న తొట్టిలోకి వదిలితే దారమవుతుంది. వెదురు ఎరువులూ పురుగుమందులూ పెద్దగా అడగకుండా పెరుగుతుందన్నది నిజమే. కానీ కార్బన్ డైసల్ఫైడ్ పీల్చే కార్మికుల నరాలనీ గుండెనీ దెబ్బతీస్తుంది. యాంటీ బ్యాక్టీరియల్ గుణమైతే, ఇంత రసాయన పాకం తర్వాత దారంలో మిగులుతుందనడానికి ఆధారం లేదు. అమెరికాలో వ్యాపార మోసాలను అడ్డుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి లేబుళ్ళ మీద 2009 నుంచే చర్యలు తీసుకుంటోంది. 2022లో రేయాన్‌ని వెదురు పేరుతో అమ్మారన్న కేసులో వాల్‌మార్ట్, కోల్స్ అనే పెద్ద దుకాణాల సంస్థలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాయి. ఇదంతా నేను సరుకు తెప్పించక ముందే చదవాల్సింది. చదవలేదు. తప్పు నాదే.

ఆ సాక్సులు వేసుకుంటే కాళ్ళకు ఏమైనా అవుతుందేమోనని టెన్షన్ పడకండి. అలాంటిదేమీ లేదు. పారేయకండి కూడా, చిరిగేదాకా వాడుకోండి. మిగిలిన 140 ప్యాకెట్లకు ‘విస్కోస్ రేయాన్’ అని కొత్త లేబుల్ అంటించి మామూలు ధరకే ఇస్తున్నాం. ఇంతకుముందు కొన్నవాళ్ళు ఆర్డర్ నంబర్ మెసేజ్ పెడితే ఎక్కువ తీసుకున్న నలభై రూపాయలూ వెనక్కి పంపిస్తాను.

ఇక కొత్త సాక్సుల సంగతి. వందకు వంద శాతం పత్తితో చేద్దామని మొదట ఆరు జతలు అల్లించాం. మా ఇంట్లోవాళ్ళం వేసుకుని చూశాం. మధ్యాహ్నానికల్లా జారి బూట్లోకి వెళ్ళిపోయాయి, రెండు నెలలకే మడమ దగ్గర వల లాగా అయింది. అంత త్వరగా చిరిగేది పర్యావరణానికి మేలు అని ఎలా చెప్పను? అందుకే 80 శాతం పత్తి, 18 శాతం నైలాన్, 2 శాతం స్పాండెక్స్ (సాగే దారం) దగ్గర ఆగాం. నైలాన్ ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు. ప్యాకెట్ ముందు వైపునే ఈ అంకెలు కనబడేలా వేస్తున్నాం.

ఈసారి ఒకరి మాట మీద ఆధారపడలేదు. కొత్త సాక్సును మడమ దగ్గర కత్తిరించి, దారాలు విడదీసి, కొవ్వొత్తి మంటలో పెట్టి చూశాను. పత్తి పోగు కాగితం కాలిన వాసన వేసి బూడిదైంది, వేళ్ళ మధ్య నలిపితే పొడి. నైలాన్ పోగు ముడుచుకుపోయి చివర గట్టి పూస కట్టింది. మీరూ ఇంట్లో చూడొచ్చు. కాకపోతే విస్కోస్ కూడా కాగితంలాగే కాలుతుంది కాబట్టి పత్తికీ దానికీ తేడా ఇలా తెలియదు, మిల్లు బిల్లు చూడాల్సిందే.

ఆర్గానిక్ అని మాత్రం రాయడం లేదు. సేంద్రియ బట్టలకు అంతర్జాతీయంగా వాడే గాట్స్ (GOTS) ప్రమాణం ప్రకారం ఆ లేబుల్‌కి కనీసం 95 శాతం ధ్రువీకరించిన సేంద్రియ నార ఉండాలి. ఆ నూలు ఒకేసారి కొనాల్సిన కనీస సరుకే మా శక్తికి మించి ఉంది. మాది మామూలు పత్తి. మూడు జతల ప్యాకెట్ 299 నుంచి 340 అవుతుంది, మడమా వేళ్ళూ రెండు పోగులతో అల్లించడం వల్ల.

నాకు ఇంకా తృప్తి లేనిది రంగు. నూలు తమిళనాడులోని తిరుప్పూర్‌లో అద్దించాం. రంగు నీళ్ళు కలిసి అక్కడి నొయ్యల్ నది పాడైతే, 2011లో మద్రాసు హైకోర్టు వందల అద్దకం యూనిట్లను మూయించింది. వాడిన నీటిని బయటికి ఒక్క చుక్క వదలకుండా శుద్ధి చేసి మళ్ళీ వాడుకోవాలన్నది అక్కడి నియమం. మన నూలు అద్దిన యూనిట్ అది పాటిస్తోందని డీలర్ నోటిమాటగా చెప్పాడు. కాగితం అడిగాను, ఇంకా రాలేదు. వచ్చేదాకా రంగుల సాక్సులు ఆపి, అద్దకం వేయని గోధుమ రంగు లాంటి లేత రంగువే పంపిస్తున్నాం. ఖమ్మం మాస్టారు మొన్న వాటిలో రెండు ప్యాకెట్లు తెప్పించుకుని, కాగితం రాగానే ఫోటో పెట్టమన్నారు. పెడతాను.