చక్రాలు లేని బండిని ఈడ్చవద్దు, దొర్లించండి

సంపాదకులకు నమస్కారములు.

మా తెనాలిలో, మా ఇంటి పక్క సందులో పదకొండేళ్లుగా ఇటుక దిమ్మెల మీద నిలిచి ఉన్న మా నాన్నగారి జీపును ఈ మధ్యనే అక్కడి నుంచి తరలించాము. ఆయన పోయిన మరుసటి ఏడాది, ఎలాగూ నడవని బండి కదా అని, దాని ఇరుసులను చక్రాలతో సహా నీళ్ల ట్యాంకరు కిందికి అడిగినవారికి నేనే ఇచ్చివేశాను. అది నా పొరపాటు. చక్రాలున్న బండి ఎంత పాతదైనా గాలి కొట్టి తాడు కడితే కదులుతుంది, కానీ ఇరుసులు తీసేశాక అది ఇంచుమించు టన్ను బరువున్న ఇనుప దిమ్మె. వానాకాలంలో దాని గుంటల్లో నీరు నిలిచి దోమలు పెరుగుతున్నాయని ఇరుగుపొరుగు వారు అన్నది న్యాయమైన మాటే కాబట్టి తీసివేయాలని నేనూ నిశ్చయించుకున్నాను. ఇటువంటి బండిని తీసే ఏర్పాటు మా ఊళ్లో ఏదీ లేదని అప్పుడే తెలిసింది.

మొదట వచ్చిన టోయింగ్ వాహనం వారు, ముందు చక్రాలను పైకెత్తి వెనుక చక్రాల మీద లాక్కుపోవడమే తమ పద్ధతి అని చెప్పి తిరిగి వెళ్లిపోయారు. తరువాత పిలిచిన జేసీబీ యజమాని గొలుసు కట్టి ఈడ్చేస్తానన్నాడు. అలా ఈడ్చిన ఒక వ్యాను గుర్తులు మా వెనుక వీధిలో నేటికీ ఉన్నాయి: సిమెంటు రోడ్డు మీద పొడవాటి చారలు, మధ్యలో పగిలిన కుళాయి గొట్టానికి వేసిన అతుకు. ఇనుము సిమెంటును రాసుకుంటూ కదలాలంటే బండి బరువులో మూడో వంతు నుంచి సగం దాకా బలంతో లాగవలసి వస్తుంది. అంత బలం ఒక్క గొలుసు మీద పడి అది తెగితే, సందులో నిలబడిన మనిషి ప్రాణానికే ముప్పు.

చివరికి ఈ పని చేసిపెట్టింది, రైస్ మిల్లుల్లో యంత్రాలు ఎక్కించి దించడంలో జీవితమంతా గడిపిన ఒక పెద్ద మేస్త్రి. ఇదే చిక్కు ఎదుర్కొంటున్నవారు చాలామంది ఉంటారు కనుక ఆయన పద్ధతిని కొంత వివరంగా రాస్తున్నాను. ముందుగా ట్యాంకులో మిగిలిన డీజిలును, ఇంజను ఆయిలును తీయించి, బ్యాటరీని విప్పించారు. తుప్పు పట్టిన బోల్టుల కోసం గ్యాస్ కట్టర్ వాడదామని ఎవరో అంటే, ట్యాంకు పూర్తిగా విప్పి దూరంగా పెట్టేవరకు ఒప్పుకోలేదు. తరువాత ఒక కొసన జాకీ పెట్టి రెండంగుళాలు లేపడం, వెంటనే ఛాసీ (బండి అడుగు చట్రం) కింద చెక్క దిమ్మె దూర్చడం, మళ్లీ రెండో కొసకు వెళ్లడం. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎవరినీ చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. జానెడు ఎత్తు లేచాక ఛాసీ పొడవునా రెండు తాటి దూలాలను చేర్చి గొలుసులతో బిగించారు. ఛాసీకి అడ్డంగా ఉండే కడ్డీలు, వేలాడే కమాన్ పట్టీలు, కింద దొర్లించబోయే ఇనుప గొట్టాలకు తగులుకోకుండా ఈ దూలాలే కాపాడతాయట. నేల మీద రెండు వరుసలుగా పలకలు పరిచి, వాటిపై అడ్డంగా ఐదు ఇనుప గొట్టాలు పెట్టి బండిని దించారు. ఒక చేతి వించి (చేత్తో తిప్పుతూ తాడును చుట్టి బరువు లాగే యంత్రం), నలుగురు మనుషులు చాలారు. వెనుక నుంచి బయటపడిన గొట్టాన్ని మోసుకొచ్చి మళ్లీ ముందు పెడుతూ, మలుపు దగ్గర ముందు గొట్టాన్ని కాస్త ఏటవాలుగా తిప్పుతూ, వాలు వచ్చినచోట వెనుక మోకు కట్టి పట్టుకుంటూ, నలభై గజాలు మూడు గంటల్లో దాటించారు. రోడ్డు మీద ఒక్క గీత పడలేదు. పెద్దరోడ్డు మీద మాత్రం హైడ్రా క్రేనుతో, ఛాసీ కింద ముందొకటి వెనుకొకటి బెల్టులు వేయించి లారీ ఎక్కించాము.

1988లో కేరళలోని పెరుమణ్ దగ్గర అష్టముడి సరస్సులో పడిపోయిన రైలు పెట్టెలను తీయడంలో మాప్పిళ ఖలాసీలు, అంటే పెద్ద బరువులను లాగడంలో ఆరితేరిన అక్కడి సంప్రదాయ పనివారు, తాళ్లు, కప్పీలతోనే ఎంతో సాయపడ్డారు. ఈ విద్య మన దగ్గరా ఉంది. దాన్ని పిలిచి వాడుకోవడమే లేదు.

చట్టంలోనూ ఈ చిక్కు కనిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షను, బహిరంగ స్థలంలో 10 గంటలు లేదా అంతకు మించి వదిలివేసిన వాహనాన్ని తొలగించే అధికారాన్ని యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికి ఇస్తుంది. ఆ ఖర్చు యజమానిదే అంటుంది. ఖర్చు భరించడానికి నేను సిద్ధపడ్డాను, పని చేసేవారే దొరకలేదు. వాహనం ఇక ఎన్నటికీ పనికిరాదని తేలితే 14 రోజుల్లోగా లేదా వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ కార్యాలయానికి తెలియజేయాలని 55వ సెక్షను చెబుతున్నది. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 2021 నాటి నిబంధనల ప్రకారం నమోదైన తుక్కు కేంద్రానికి బండిని అప్పగిస్తే, అప్పగించినట్లు రుజువుగా డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, ఛాసీ నంబరు సరిచూస్తారు. అందుకే ఈడ్చడం యజమానికీ నష్టమే. తుప్పుపట్టిన ఛాసీ నేలకు రాసుకుని నంబరు చెరిగిపోతే, ఆ బండి మనదేనని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

కాబట్టి పురపాలక సంఘాలకు నా మనవి ఇది. ప్రతి పట్టణంలో నాలుగు జాకీలు, కొన్ని దూలాలు, గొట్టాలు, ఒక చేతి వించి, టన్నున్నర మోయగల పొట్టి చక్రాల పలక ఒకటి ఉంచండి. వీటి ఖరీదు ఒక సిమెంటు రోడ్డు మరమ్మతు కన్నా తక్కువే అవుతుందని నా నమ్మకం. నోటీసు ఇచ్చేటప్పుడు బండికి చక్రాలు, ఇరుసులు ఉన్నాయా లేవా అన్నది కూడా రాసుకుంటే, ఏ సామగ్రి పంపాలో ముందే తెలుస్తుంది. తుక్కు కేంద్రాల వారు కూడా ఇంటి దగ్గరకే వచ్చి ఇటువంటి బండ్లను తీసుకువెళ్లే ఏర్పాటు చేయాలి.

మా మేస్త్రిగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. పురపాలక సిబ్బందికి ఒక పూట ఈ పని చేసి చూపుతారా అని అడిగాను. పిలిస్తే వస్తానన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి