మీ క్యారేజీ గిన్నె నా దగ్గరే ఉండిపోయింది బాబాయ్ గారూ

నాన్న నిన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేశారు. గుండెకి ఒక స్టెంటు వేశారు. అరుగు మీద మంచం వేయించుకుని, కొబ్బరి దింపుకి మనిషిని పిలిచారా లేదా అని అప్పుడే మొదలెట్టారు. ఆరు రాత్రుల తర్వాత కాస్త నడుం వాలుద్దామంటే నాకు నిద్ర పట్టడం లేదు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా ఆయన, అన్నయ్య, వదిన, కువైట్ నుంచి పూటకోసారి ఫోను చేసిన చెల్లి, అందరూ పరిగెత్తారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే నన్ను తిడతారు. నేను చెప్పుకోవాల్సింది వేరే ఆయన గురించి. ఆయన పేరు నాకు తెలీదు. అడగాలని తోచలేదు, అదే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

మాది అంబాజీపేట పక్క ఊరు. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థంలో దేవుణ్ణి ఎత్తుకెళ్లే ప్రభ వెనకాల చేల గట్ల మీద నడిచొచ్చిన మా నాన్న, నాలుగో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ గుండె పట్టుకుని కూలబడిపోయారు. 108లో అమలాపురం తీసుకెళ్తే ఈసీజీ తీసి, ఇంజెక్షన్ చేసి, కాకినాడ పొమ్మన్నారు. ఎదుర్లంక వారధి దాటుతుంటే నాన్నకి కొంచెం తెలివొచ్చి "పంటు మీద గోదావరి దాటే రోజులైతే ఈపాటికి రేవులోనే పోదును" అన్నారు. ఆ మాటకి నేను ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

నాకు మాత్రం ధైర్యంగానే ఉంది. ఇన్సూరెన్సు ఉంది కదా! ఐదేళ్ల నుంచి కడుతున్న పాలసీ. ఆస్పత్రి కౌంటర్లో ఫోన్లో కాగితం చూపించాను. ఆ అబ్బాయి నంబరు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. "ఈ నంబరుతో పాలసీ లేదండీ. పాతది జనవరి 2తో అయిపోయింది. లక్షా యాభై వేలు డిపాజిట్ కట్టండి" అని తర్వాత మనిషిని పిలిచేశాడు.

ఎందుకు లేదో చెప్తాను, సిగ్గు విడిచి. డిసెంబరు ఆఖర్లో నాకో ఫోనొచ్చింది. మంచి తెలుగు. ఇన్సూరెన్సు కంపెనీలన్నిటి మీదా ఉండే ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నామన్నాడు. నాన్న పాలసీ నంబరు, పుట్టిన తేదీ, నామినీగా అమ్మ పేరు, గడువు జనవరి 2 అని, అన్నీ వాడే చెప్పాడు. "సెప్టెంబరు 22 నుంచి ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు కదమ్మా, మీరు ఐదేళ్లు కట్టిన 18 శాతం వెనక్కి వస్తుంది. రెండేళ్ల ప్రీమియం ఒకేసారి కడితేనే" అన్నాడు. జీఎస్టీ తీసేసిన మాట నిజమే. పేపర్లో నేనూ చదివాను. ఆ నిజానికి వాడు ఒక అబద్ధం అతికించాడు, అతుకు నాకు కనపడలేదు. చీటీ పాడిన డబ్బులోంచి 42,500 ఫోన్లోనే పంపేశాను. పది నిమిషాల్లో వాట్సాప్‌లో రంగుల పాలసీ కాగితం వచ్చింది. ఫోను పెట్టేముందు "నాన్నగారి షుగర్ ఇప్పుడెలా ఉందమ్మా" అని కూడా అడిగాడు.

డిపాజిట్ మాట విన్నాక నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. కాళ్లు ఆడలేదు. పైమెట్టు మీద తువ్వాలు వేసుకుని కూర్చున్న పెద్దాయన ఒకరు కాసేపు చూసి, "అన్నం తిన్నావా అమ్మాయ్?" అన్నారు. లేదన్నాను. క్యారేజీ విప్పి పెరుగన్నం, మాగాయ ముక్క ఉన్న గిన్నె నా చేతిలో పెట్టారు. అది ఆయన భోజనమే. వాళ్లావిడ లోపల ఐసీయూలో ఉన్నారని రాత్రికి గానీ నాకు తెలీదు.

తింటుంటే "ఏదీ, ఆ కాగితం చూపించు" అని ఫోను తీసుకున్నారు. కళ్లజోడుకి ఒక కాడ లేదు, దారం కట్టి ఉంది. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట. చాలాసేపు చదివారు. ఒక్కసారి కూడా "ఎలా నమ్మావమ్మా" అనలేదు. ఆ మాట ఆ తర్వాత నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఆయన అడగలేదు. దానికే నేను ఇన్ని రోజుల ఏడుపూ ఆయన ముందు ఏడ్చేశాను, నోట్లో ముద్ద పెట్టుకునే.

"ముందు నాన్న సంగతి చూద్దాం. ఇంట్లో రైస్ కార్డు లేదా?" అన్నారు. ఉంది. "మరి ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయించే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరు కింద మెట్ల పక్కనే ఉంది కదా." నాకు ఎవరు చెప్పారు? డిపాజిట్ అడిగిన మనిషికి ఆ కౌంటరు ఇరవై అడుగుల దూరం. దాని ముందు విరిగిన కుర్చీలు పేర్చి పెట్టారు. ఏ ఆస్పత్రో రాయను, నాన్నని బతికించిందీ ఆ డాక్టర్లే. కానీ అడిగితేనే చెప్పడం ఏం పద్ధతండీ? ఆయన లేకపోతే మేం పుస్తెలతాడు తాకట్టుకి బయల్దేరేవాళ్లం. ఆ కౌంటర్లో ఉండే వైద్యమిత్ర అమ్మాయి కార్డు చూసి, అత్యవసరం కాబట్టి ముందు ఫోన్లోనే అనుమతి తీసుకుంది. మర్నాడు పొద్దున్నే స్టెంటు వేశారు.

ఆ రాత్రి ఐసీయూ బయట చాప మీద కూర్చుని ఆ కాగితంలోని మోసం ఒక్కొక్కటీ చూపించారు. ప్రతి ఆరోగ్య పాలసీకీ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన యూఐఎన్ అని ఒక నంబరుంటుందట, కాగితం మీద అచ్చేసి ఉంటుంది. నాదాంట్లో లేదు. డబ్బు వెళ్లింది కంపెనీ పేరున్న ఖాతాకి కాదు, ఎవరో మనిషి పేరుకి. పంపేముందు ఆ పేరు నా ఫోన్లో కనిపించింది కూడా, చూసి వదిలేశాను. ఇంకొకటి చెప్పారు: ఐఆర్‌డీఏఐ హైదరాబాదులో ఉండే సంస్థ, అది ఎవరికీ పాలసీ అమ్మదు, బోనస్ ప్రకటించదు, ఎవరి ప్రీమియమూ తీసుకోదు. ఆ సంగతి ప్రతి కంపెనీ ప్రకటన అడుగునా రాసే ఉంటుందట. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే ఎవరు చదువుతారు బాబాయ్ గారూ అంటే నవ్వి, "నా సర్వీసులో ఆ చిన్న అక్షరాలు చూపించే ఎంతమందిని వెనక్కి పంపించానో" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

నేను ముడుపు కట్టి పెట్టుకోవాల్సిన మాట మాత్రం అర్ధరాత్రి చెప్పారు. పాత పాలసీ పోయిందని నేను ఏడుస్తుంటే వేళ్ల మీద లెక్కపెట్టి "గడువు దాటి 18 రోజులే కదా, ఇంకా 12 రోజులుంది" అన్నారు. ఏడాదికోసారి కట్టే పాలసీకి గడువు దాటాక ఇంకో 30 రోజులు కట్టుకోవచ్చట. ఆ మధ్యలో వచ్చిన ఆస్పత్రి ఖర్చు ఇవ్వరు. కానీ ఆ లోపు కడితే వెనకటి ఐదేళ్లూ లెక్కలోనే ఉంటాయి. పోగొట్టుకుంటే షుగరుకి మళ్లీ మూడేళ్ల దాకా ఆగమనొచ్చు, గుండెకి స్టెంటు పడ్డ మనిషికి కొత్త పాలసీ ఇవ్వనంటే మనం చేసేదేం లేదు. 60 నెలలు తెగకుండా కట్టాక, మోసం రుజువు చేస్తే తప్ప పాత జబ్బు దాచారని క్లెయిం కొట్టెయ్యడానికి వీల్లేదని కూడా చెప్పారు. మాకు 60 నెలలూ సరిగ్గా ఈ జనవరికే నిండాయి. కంపెనీ వెబ్‌సైటు పేరు ఆయనే ఒక్కో అక్షరం చెప్పి నాతో టైపు చేయించారు, ఎవరో పంపిన లింకు ముట్టుకోవద్దని. మా చెల్లి డబ్బు పంపింది, కట్టేశాను. జీఎస్టీ లేకుండా నిజంగానే తక్కువ పడింది.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కూడా అప్పుడే చేయించారు. డబ్బు పోయిన గంటలోనే చేసుంటే వాడి ఖాతాలో ఆపే అవకాశం ఉండేదట. నేను మూడు వారాలు ఆలస్యం. ఫిర్యాదు నంబరైతే వచ్చింది.

పోలీసు స్టేషను సంగతి రాయకుండా ఉండలేను. కాకినాడలో "మీ ఊరి స్టేషనుకెళ్లండి" అన్నారు. మా ఊరి దగ్గర "ఆస్పత్రి ఎక్కడుందో అక్కడివ్వాలి" అన్నారు. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా తీసుకోవాలని 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలో ఉంది కదండీ అంటే, చదువుకున్నావా అని అడిగారు. పోయింది నా బుద్ధితక్కువ వల్లే, ఒప్పుకుంటాను. కానీ నాన్న షుగర్ సంగతి మా వీధిలో వాళ్లకే తెలీదు. వాడికెలా తెలిసింది? ఆ కాగితాలు ఎవరి బీరువాలోంచి బయటికొచ్చాయి? ఇది అడిగితే స్టేషన్లోనూ జవాబు లేదు, కంపెనీ ఫోన్లోనూ లేదు. 155255కి చేసి ఐఆర్‌డీఏఐకీ ఫిర్యాదు పెట్టాను. చూద్దాం.

నేను ఆ స్టేషను చుట్టూ తిరిగొచ్చేసరికి బాబాయ్ గారు వెళ్లిపోయారు. వాళ్లావిడని ఇంటికి పంపించేశారని నర్సమ్మ చెప్పింది. బాగయ్యే పంపించారా అంటే తల ఊపింది, ఆ ఊపు ఎటో నాకు అర్థం కాలేదు. మందుల బిల్లు వెనకాల 1930, 155255, ఆస్పత్రిలో వైద్య సేవకి ఇబ్బందైతే 104 అని రాసి నాకిమ్మని ఇచ్చారట. గుండ్రటి అక్షరాలు, కింద గీత.

అయ్యో, మర్చిపోతున్నాను. 108 డ్రైవరు తమ్ముడికీ, ఆస్పత్రి ఎదురు ఇడ్లీ బండి అక్కకీ (మూడు రోజులు డబ్బు తీసుకోలేదు), ఫిర్యాదు కాగితాలు ప్రింటు తీసిచ్చిన మా సచివాలయం అబ్బాయికీ దండాలు. చీటీ ఆవిడకీ, ఈ నెల ఆలస్యమైనా ఏమీ అనలేదు. రాత్రి డ్యూటీ నర్సు ఒకమ్మాయి, పేరు గుర్తు రావడం లేదు, రాజోలు అనుకుంటాను, తనక్కూడా.

బాబాయ్ గారూ, ఇది మీ దాకా వస్తుందో రాదో. గిన్నె తోమి పెట్టాను. అడుగున చుక్కలతో చెక్కిన పేరుంది, ఆడవాళ్ల పేరు. ఆవిడదే అనుకుంటాను. ఇక్కడ రాయను. తణుకు దగ్గర అన్నట్టు గుర్తు. ఈ వివరాలు చూసి తెలిసినవాళ్లెవరైనా ఆ గిన్నె మీద ఏ పేరుందో నాకు మెసేజ్ పెడితే, నేనే పట్టుకుని వస్తాను. కొబ్బరికాయలు కూడా తెస్తాను, నాన్న ఇప్పుడే చెప్పారు.