పెట్టె మీద 7ఎంఎం-08, బ్యారెల్ మీద .243: ఐదు వారాల కస్టమర్ కేర్ పురాణం

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,

విషయం: జింక వేటకని కొన్న బోల్ట్ యాక్షన్ రైఫిల్. ఇది ఏడో ఉత్తరం.

అయ్యా,

ముందు రాసిన ఆరింటికీ జవాబు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఆరింటికీ ఒక్కటే: "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు." ఆ ధన్యవాదాలు ఇక చాలండి.

సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, మీ వాళ్లకి చెప్పీ చెప్పీ కంఠతా వచ్చేసింది. ఆర్డరు ఇచ్చింది 7ఎంఎం-08 అనే రకం తూటా పేల్చే రైఫిల్‌కి. బిల్లు మీద అదే ఉంది, పెట్టె మీదా అదే ఉంది. బ్యారెల్ మీద చెక్కింది మాత్రం .243, అంటే ఇంకో తూటా పేరు. సరే, పొరపాట్లు అందరికీ జరుగుతాయి. ముద్ర వేసే మనిషి పక్క ట్రేలో చెయ్యి పెట్టి ఉంటాడు. దాని మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ తర్వాతి ఐదు వారాల మీద.

మొదటి ఫోన్‌కి నలభై నిమిషాలు సంగీతం వినిపించి ఒకావిడ పలికారు. సీరియల్ నంబరు అడిగారు, చెప్పాను. ఫొటో అడిగారు, పంపాను. మసగ్గా ఉందన్నారు, మళ్లీ తీశాను. అంతా అయ్యాక ఆవిడ అన్న మాట ఇది: "రెండూ జింకలకే కదండీ సార్, పెద్ద తేడా ఏముంటుంది?"

తేడా ఏమిటో ఇక్కడ రాస్తున్నాను, వీలైతే మీ ఆఫీసు గోడకి అంటించండి. రెండూ .308 అనే తూటా కేసు నుంచి పుట్టినవే; కేసంటే మందు నింపే ఇత్తడి గొట్టం, దాని మెడలో బుల్లెట్ కూర్చుంటుంది. ఒకదాని మెడ .243 అంగుళాల బుల్లెట్‌కి నొక్కారు, ఇంకోదాని మెడ .284కి. జింక నిండుగా పక్కకి తిరిగి నిలబడి, 200 గజాల లోపు, ముందుకాలి వెనక ఊపిరితిత్తుల్లోకి వేయగలిగితే 95 నుంచి 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌తో .243 చక్కగా పనిచేస్తుంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ జింక ఎప్పుడూ ఫొటోకి నిలబడ్డట్టు నిలబడదు. ఏటవాలుగా ఉన్నప్పుడు బుల్లెట్ జబ్బ ఎముకని విరిచి, ఇంకా లోపలికి పోయేంత బరువుండాలి. 140 గ్రెయిన్ల 7ఎంఎం బుల్లెట్ అక్కడ అక్కరకొస్తుంది. చాలాసార్లు అవతలి పక్కనుంచి బయటికొచ్చేస్తుంది. రెండు చిల్లులు పడితే నెత్తుటి జాడ నేల మీద దొరుకుతుంది, దెబ్బతిన్న జంతువు పొదల్లో పడి వృథా కాదు. పైగా .30-06 అనే పెద్ద తూటా తన్నినంతగా భుజాన్ని తన్నదు. ఇదంతా ఆలోచించే మనిషి క్యాలిబర్ ఎంచుకుంటాడు. రంగు నచ్చి కాదు.

రెండోసారి ఇంకొకాయన. మళ్లీ సీరియల్ నంబరు, మళ్లీ ఫొటో. ఆయన సలహా: "ఒక ఇరవై రౌండ్లు పేల్చి, టార్గెట్ ఫొటో తీసి పంపండి సార్, అప్పుడు చూస్తాం."

"ఏ రౌండ్లు పేల్చమంటారు?" అన్నాను.

కాసేపు కీబోర్డు టకటకలు. తర్వాత: "బ్యారెల్ మీద ఏది రాసుంటే అవే సార్."

ఈ ఒక్క వాక్యం మీ లీగల్ విభాగానికి చూపించండి, కాఫీ తాగుతున్నవాళ్లు కప్పు కింద పెట్టేస్తారు. బోల్ట్ తీసేసి, బ్యారెల్ నిలువుగా పట్టుకుని, మూతి దగ్గర 100 గ్రెయిన్ల 6ఎంఎం బుల్లెట్ ఒకటి వదిలాను. బుల్లెట్ మాత్రమే, మందూ లేదు, కేసూ లేదు. గొట్టం నిజంగా .243దే అయితే మూతి దగ్గరే పట్టేసి ఆగాల్సింది. ఆగలేదు. బుల్లెట్‌ని తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కే రైఫ్లింగ్ గట్లకి అక్కడక్కడా తగులుతూ గొట్టమంతా జారి, కింద పట్టిన అరచేతిలో టప్పున పడింది. క్యాలిపర్‌తో మూతి దగ్గర గట్ల మధ్య కొలిస్తే .277 అంగుళాలు. అది 7ఎంఎం గొట్టం కొలత. .243కి అయితే .237 ఉండాలి.

అంటే ముద్ర అబద్ధం. తూటా కూర్చునే ఛాంబర్ కూడా 7ఎంఎం-08దే అయితే, ముద్రని నమ్మి .243 పెట్టినవాడికి బోల్ట్ హాయిగా మూసుకుంటుంది, ఎక్కడా పట్టదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పేల్చగానే కేసు మెడ వదులు ఛాంబర్‌లో ఉబ్బి చీలుతుంది, గ్యాసు బుల్లెట్‌ని దాటుకుని పోతుంది, గట్లు పట్టని బుల్లెట్ తిరగక పల్టీలు కొడుతూ వెళ్తుంది. ఎటు వెళ్తుందో దేవుడికే ఎరుక. మీ ఆయన నన్ను ఇరవై పేల్చమన్నారు.

మూడోసారి "టెక్నికల్ టీమ్"కి కలిపారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ఎంతో నింపాదిగా "మా ఫ్యాక్టరీలో హెడ్‌స్పేస్ గేజ్ పరీక్ష పాసైంది సార్, కాబట్టి సమస్యే ఉండదు" అన్నారు. అయ్యా టెక్నికల్ గారూ, ఛాంబర్‌లో తూటా ఎంత లోతున కూర్చుంటుందో చూసే ఈ హెడ్‌స్పేస్ గేజ్ .308కీ, .243కీ, 7ఎంఎం-08కీ ఒకటే. గేజ్‌కి మెడ ఉండదు, మెడ కింద ఏటవాలుగా ఉండే కేసు భుజం దాకానే కొలుస్తుంది. ఆ మూడింట్లో ఏ ఛాంబర్‌లో పెట్టినా అది పాసే. మెడ కొలత కావాలంటే గొట్టంలో గుడ్డ దోపి, వేడినీళ్ల సెగకే కరిగే మిశ్రమ లోహాన్ని ఛాంబర్‌లో పోసి అచ్చు తీయాలి. సుమారు గంట ఆగి ఆ అచ్చుని కొలవాలి. మెడ దగ్గర .315 పైచిలుకు వస్తే 7ఎంఎం-08, .277 చుట్టుపక్కల వస్తే .243. ఇది చెప్తే ఆయన "నోట్ చేసుకున్నాను సార్" అన్నారు. ఎక్కడ నోట్ చేసుకున్నారో మరి, తర్వాత ఫోన్ ఎత్తినావిడకి ఆ నోటు కనపడలేదు. ఆవిడ కూడా సీరియల్ నంబరే అడిగారు.

నాలుగో మహానుభావుడి గురించి క్లుప్తంగా: ఇంత గొడవెందుకు, ఇంకా ఎక్కువ మందు పట్టే .300 మ్యాగ్నమ్‌కి మారిపోండి, డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. తలనొప్పికి కొత్త తలకాయ అమ్మడం అంటే ఇదే. మామూలు దూరాల్లో జింకకి అంత మందు అక్కర్లేదు. భుజం నొప్పికి భయపడి ట్రిగ్గర్ దగ్గర ఉలిక్కిపడటమూ, దగ్గర్నుంచి తగిలితే జబ్బ మాంసం నెత్తురు గడ్డకట్టి పనికిరాకుండా పోవడమూ మిగులుతాయి. మర్నాడే ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని మూసేశారు.

ఇది మీ దగ్గర కొన్న మూడో రైఫిల్. కొత్తవాళ్లు అడిగితే ఇన్నాళ్లూ మీ పేరే చెప్పాను. దానికి మీరిచ్చిన విలువ అర్థమైంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది వినండి. రైఫిల్‌ని మీ ఖర్చుతో తెప్పించుకుని ఛాంబర్ అచ్చు తీయించి, కొలతలు రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. సరైన ముద్ర ఉన్న కొత్త బ్యారెల్ వేయాలో, మొత్తం డబ్బు వెనక్కివ్వాలో అప్పుడు మాట్లాడదాం. ఇంతకంటే ముఖ్యం, ఆ రోజు అదే ట్రేలోంచి వెళ్లిన మిగతా బ్యారెల్స్ ఎవరి చేతుల్లో ఉన్నాయో వెతికి వాళ్లకి కబురు పెట్టండి. వాళ్లందరికీ బుల్లెట్ జారవిడిచి చూడాలని తోచకపోవచ్చు. పదిహేను రోజులు చూస్తాను. పదహారో రోజున మీ ఏజెంట్ల మాటలు తేదీలతో సహా లాయరు నోటీసులో చదువుకుందురుగాని. తెలిసిన ప్రతి షూటింగ్ క్లబ్బు నోటీసు బోర్డు మీద కూడా కనపడతాయి.

ఇట్లు,
సీరియల్ నంబరు తొమ్మిదిసార్లు చెప్పిన కస్టమర్

తా.క.: మీరడిగిన ఇరవై రౌండ్ల టార్గెట్ కాగితం దీనితో జతచేశాను. ఒక్క చిల్లు కూడా లేదు. ఫైల్లో పెట్టుకోండి.