పొట్టిదే గెలిచింది రా

ఒరేయ్ శీనా,

జాబు రాయడం ఆలస్యమైంది, తిట్టుకో, కాకపోతే ఇదంతా చదివాక తిట్టు. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, చిన్నోణ్ణి వేరే బళ్ళో వేశాం. అసలు సంగతి సోయా.

ఆలూరు నల్లరేగడిలో సోయా వేస్తానంటే మా పెదనాయన ఎగతాళి చేశాడు కదా, వేశా! జూన్ చివర పదునుకి ఒకే చేన్లో సగం జె.ఎస్. 335 రకం, సగం జె.ఎస్. 95-60 రకం. మొదటిది 95-100 రోజుల పంట, రెండోది 82-88 రోజులకే కోతకొస్తుంది. ఆ నేలలో ముందెప్పుడూ సోయా వేయలేదు కాబట్టి విత్తనానికి రైజోబియం కల్చర్ కూడా పట్టించా, అదేలే, వేళ్ళ బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బాక్టీరియా. ఆగస్టులో చూడాల్సింది నువ్వు, 335 గుబురుగా నిగనిగలాడుతూ ఉంటే 95-60 మాత్రం పొట్టిగా, హాస్టల్లో లంబూ పక్కన నువ్వు నిలబడ్డట్టు! పెదనాయన రోజూ గట్టుమీదికొచ్చి దాన్ని చూసి నవ్వడమే.

ఆగస్టు ఆఖర్లో వాన మొహం చాటేసింది. బెట్ట. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు వెల్లకిలా తిరిగి తెల్లటి వెనక వైపు చూపించేవి. 335 మొక్కొకటి వేళ్ళతో సహా తవ్వి బుడిపెను గోటితో చీల్చా. పనిచేసే బుడిపె లోపల గులాబీ రంగులో ఉంటుంది, ఇది బూడిద రంగుకి తిరిగింది. పైన ఆకు ఇంకా పచ్చగానే ఉంది, కింద నత్రజని పట్టడం ఆగిపోయింది! బెట్టలో ముందు దెబ్బ తినేది అదేనట. ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు.

పూత మీద బెట్టొస్తే పూలు రాలినా, మళ్ళీ వాన పడితే ఇంకో పూత రావచ్చు. గింజ నిండేటప్పుడొస్తే ఇక రెండో అవకాశం లేదు. 335 సరిగ్గా అక్కడే దొరికిపోయింది. కాయ ఒలిస్తే మూడు గదుల్లో ఒక్క గింజే నిండింది, మిగతా రెండూ పొట్టులా అతుక్కుని ఉన్నాయి. పొట్టిది అప్పటికే చాలావరకు నిండిపోయింది, నాలుగు గింజల కాయలు కూడా కనబడ్డాయి. తూకంలో అదే గెలిచింది!

అలాగని 335ని తీసిపారేయను. జులైలో ఎండగట్టి సెప్టెంబర్లో వాన పడుంటే తేరుకునే టైం దానికే ఎక్కువ ఉండేది, అప్పుడు కథ తిరగబడేదేమో. వచ్చే ఏడు రెండూ వేస్తా. పెదనాయనేమో తన చేనంతటికీ పొట్టిదాని విత్తనమే కావాలంటున్నాడు, ముందు నవ్వినందుకు లెంపలేసుకోమన్నా, అప్పట్నుంచీ మాటల్లేవు. పిన్ని అయితే...

ఆదోని బస్సొచ్చేసింది, యార్డుకెళ్ళాలి. ధర సంగతి మళ్ళీ రాస్తా.

నీ
రాముడు