మధ్యలో ఓడిపోయినా హ్యాట్రిక్కేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎలక్షన్ వార్తల్లో మన తెలుగు పేపర్లు హ్యాట్రిక్ అనే మాటను ఎట్లా పడితే అట్లా వాడేస్తా ఉన్నాయి, దాని గురించే ఈ లెటర్. ఢిల్లీలో షీలా దీక్షిత్ 1998, 2003, 2008లో వరసగా కాంగ్రెస్‌ను గెలిపించినారు, 2014, 2019, 2024లో మోదీ మూడుసార్లు ప్రధాని అయినారు, వాటిని హ్యాట్రిక్ అంటే ఎవరూ కాదనరు. కానీ ఒకసారి గెలిచి, తర్వాత ఓడిపోయి, మళ్లీ రెండుసార్లు గెలిచిన ఎమ్మెల్యేకి కూడా అదే హెడ్డింగ్ పెడితే ఎట్లా సార్?

నేను తిరుపతిలో లోకల్ టోర్నమెంట్లకు అంపైరింగ్ చేస్తుంటా. 1858లో షెఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీస్తే జనం చందాలేసుకుని టోపీ (హ్యాట్) కొనిచ్చినారు, ఈ మాట ఆడ నుంచే వచ్చిందంటారు. బంతుల మధ్య గ్యాప్ ఎంతున్నా పర్లేదు. 1988లో పెర్త్ టెస్టులో మెర్వ్ హ్యూస్ వెస్టిండీస్ మీద తీసిన మూడు వికెట్లు మూడు వేర్వేరు ఓవర్లలో, రెండు ఇన్నింగ్స్‌లో పడినాయి, అయినా హ్యాట్రిక్కే, ఎందుకంటే ఆయన వేసిన వాటిలో వికెట్ పడని బంతి మధ్యలో ఒక్కటీ లేదు. అట్లనే ఎన్నికల మధ్య ఐదేళ్లున్నా ఇబ్బంది లేదు, మధ్యలో ఓటమి ఉంటేనే ఇబ్బంది.

ఉప ఎన్నికల్ని కూడా లెక్కేయాల్సిందే. మా తిరుపతి వాళ్లం 2009, 2012, 2014, 2015లో అసెంబ్లీకి నాలుగుసార్లు ఓటేసినాం, చిరంజీవి గారు రాజ్యసభకు పోవడంతో ఒక ఉప ఎన్నిక, ఎమ్మెల్యే వెంకటరమణ గారు చనిపోవడంతో ఇంకోటి. ఎండలో లైన్లో నిలబడి వేసిన ఓటు ఏదైనా ఓటే కదా, అందులో ఓడినోళ్లు ఓడినట్టే.

ఫుట్‌బాల్‌లో గోల్స్ వరసగా పడాల్సిన పని లేదు కదా అని కొందరు అంటారు, నిజమే, 2022 వరల్డ్ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే మూడు గోల్స్ మధ్యలో ఎదుటి టీమ్ మెస్సీ ఒకటి కొట్టినాడు, కానీ అవన్నీ ఒకే మ్యాచ్‌లో పడాలి. ఆ లెక్కన చూస్తే 1985లో ఎన్టీఆర్ గారు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడుచోట్లా ఒకేసారి గెలిచినారే, అది అసలైన ఫుట్‌బాల్ హ్యాట్రిక్. ఇప్పుడు అది ఎవరికీ కుదరదు, 1996లో చట్టం మార్చి రెండు సీట్లకు మించి పోటీ చేయకూడదన్నారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మధ్యలో ఆ ఎమ్మెల్యేని ఓడించింది కూడా జనమే. హ్యాట్రిక్ అని రాసేస్తే ఆ తీర్పు అసలు లేనట్టే అయిపోతుంది, కొత్తగా ఓటు వచ్చిన పిల్లోళ్లు ఈయన ఎప్పుడూ ఓడిపోలేదేమో అనుకుంటారు. దయచేసి మీ డెస్క్ వాళ్లు హెడ్డింగ్ పెట్టే ముందు ఆయన నిలబడిన ఎన్నికలన్నీ ఒకసారి చూసుకోండి, మధ్యలో ఓటమి ఉంటే ‘మూడోసారి గెలుపు’ అని రాయండి చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి