పలకకు ముందు పరుగు

సంపాదకుల వారికి నమస్కారాలు.

నాలుగేళ్ల మా మనవరాలు అక్షరాలను గీత మీద నిలపలేకపోతోందని, ఇంటి దగ్గర రోజూ రెండు పేజీలు అదనంగా రాయించమని ఆమె చదివే ప్లేస్కూలు నుంచి జూలైలో కబురు వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఒకటో తరగతికి పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కనుక, నేను పాప వేళ్లను కాక ముందు కూర్చున్న తీరును గమనించాను. పది నిమిషాలు గడవకుండానే నడుము వాలిపోయింది. ఎడమ చేతిని తలకు ఆనించుకుని బల్ల మీదకు ఒరిగిపోయింది. ఒంటికాలి మీద నిలబడమంటే మూడు లెక్కపెట్టేలోగా రెండో కాలు నేలకు ఆనించేసింది. పెన్సిల్ పట్టుకోవడం రాకపోవడం కాదు, ఆ పెన్సిల్ పట్టిన చేతిని మోయవలసిన భుజానికి, ఆ భుజాన్ని నిలపవలసిన వెన్నుకు బలం చాలకపోవడం అసలు సంగతి. మూడో అంతస్తులో పెరుగుతున్న బిడ్డకు పరుగెత్తే చోటు మేం చూపించలేదు. మా ఇంట్లో జరిగినదే విశాఖలో ఎన్నో ఇళ్లలో జరుగుతోందని తోటి అమ్మమ్మలు, నానమ్మలు చెప్పగా విని ఈ లేఖ రాస్తున్నాను.

పసిబిడ్డకు శరీరం మీద అదుపు తల నుంచి కాళ్ల వైపుకు, నడుము నుంచి వేళ్ల వైపుకు వస్తుంది. మొదట మెడ నిలుస్తుంది, తరువాత బోర్లా పడుతుంది, కూర్చుంటుంది, పాకుతుంది, పట్టుకుని లేస్తుంది, తప్పటడుగులు వేస్తుంది. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు పంచిన మన పెద్దలు ఈ క్రమాన్ని ఎంత శ్రద్ధగా గమనించేవారో ఆ పిండివంటలే చెబుతాయి. మెడ, భుజాలు, వెన్ను, తొడల వంటి పెద్ద కండరాలకు వచ్చే ఈ పట్టునే అంగన్‌వాడీ శిక్షణలో స్థూల కండరాల అభివృద్ధి అంటారు. రాయడం, గుండీలు పెట్టుకోవడం వంటి సూక్ష్మమైన పనులన్నీ దాని మీద ఆధారపడి వచ్చేవే. మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం చేతికిచ్చి, పరుగును ఆదివారానికి వాయిదా వేయడం అంటే గోడ లేవకుండానే పైకప్పు వేయబోవడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, ఇంకా తమంతట తాము కదలలేని పసివారిని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా పడుకోబెట్టాలి. ఏడాది నిండిన పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలికలో ఉండాలి. మూడు, నాలుగేళ్ల వారికి ఆ మూడు గంటల్లో 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కి ఊపిరి వేగంగా ఆడేటంతటి ఆట ఉండాలి. ఒక్క విడతలో గంటకు మించి పిల్లలను బండిలోనో కుర్చీలోనో కట్టిపెట్టరాదని, రెండేళ్లు నిండని పిల్లలకు ఫోన్లు, టీవీలు అసలే వద్దని, ఆపై నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించరాదని కూడా ఆ సంస్థ చెప్పింది. ఆటోలోనో వ్యానులోనో బడికి వెళ్లి, అక్కడ బల్ల దగ్గర కూర్చుని, తిరిగి వచ్చి ఫోను ముందు అన్నం తినే బిడ్డ దినచర్యలో ఈ మూడు గంటలు ఎక్కడ ఉన్నాయో ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి లెక్క చూసుకోవాలని నా మనవి.

నడక త్వరగా వస్తుందని చెప్పి దుకాణాల్లో అమ్మే, బిడ్డను మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్ల గురించి కూడా ఇక్కడ చెప్పాలి. అందులో బిడ్డ తన బరువు తాను మోయదు, తన పాదాలను తాను చూడలేదు. మెట్ల దగ్గర క్షణంలో దొర్లిపోతుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. మన పెద్దల కాలం నాటి మూడు చక్రాల చెక్కబండి తీరే వేరు. బిడ్డ తన కాళ్ల మీద తానే నిలబడి, దానిని నెట్టుకుంటూ, పడుతూ లేస్తూ నేర్చుకునేది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క రంగులతో కొయ్యబొమ్మలు చేసే కళాకారులు మనకు ఇంత దగ్గరలో ఉన్నారు. చక్రాలు తిరిగే బొమ్మకు తాడు కట్టి ఇస్తే, ఏడాదిన్నర బిడ్డ దానిని లాగుతూ, వెనక్కి తిరిగి చూస్తూ, మళ్లీ నడుస్తూ ఇల్లంతా చుట్టి వస్తుంది. అలా వెనక్కి తిరగడంలోనే నడుముకు, మెడకు ఎంతో అభ్యాసం ఉంది.

ఇక ఆటలు. ఒప్పులకుప్పలో చేతులు పెనవేసి వెనక్కి వాలి తిరిగే పిల్లలకు లోపలి చెవిలో ఉండే సమతూక వ్యవస్థ పదునెక్కుతుంది. ఉయ్యాల చేసే మేలూ అదే. నేలా బండాలో అరుగు ఎక్కడం, దూకడం, తరుముతుంటే ఠక్కున ఆగడం ఉన్నాయి. పరుగెత్తడం కంటే పరుగును ఆపుకోవడమే పసివారికి కష్టమని తరగతి గదిలో పిల్లలను చూసిన ఎవరికైనా తెలుసు. తొక్కుడుబిళ్లకు ఒంటికాలి గెంతు రావాలి, అది సాధారణంగా నాలుగేళ్ల ప్రాయంలో వస్తుంది. అంతకన్నా చిన్నవారికి గడుల్లో రెండు కాళ్లతో దూకించినా చాలు. కప్ప గెంతులు, చేతులూ కాళ్లూ నేలకు ఆనించి నడిచే ఏనుగు నడక అంగన్‌వాడీలలో పాటలతో ఆడించేవే. చేతుల మీద శరీర భారం పడే ఏనుగు నడక భుజాలకు ఇచ్చే బలం ఏ కాపీ పుస్తకమూ ఇవ్వదు. పెద్ద బంతిని రెండు చేతులతో విసరడం, ఎదకు హత్తుకుని పట్టుకోవడం, తరువాత చిన్న బంతికి మారడం కూడా ఆ వరుసలోనివే. చోటు లేదనుకునే ఫ్లాటులో సైతం సుద్దముక్కతో నేల మీద గీసిన గీత వెంట మడమకు వేలు తాకిస్తూ నడవవచ్చు, దిండ్ల గుట్ట ఎక్కి దిగవచ్చు, సగం నిండిన చిన్న బకెట్టును మొక్కల దాకా మోయవచ్చు. లిఫ్టు మాని మెట్లు ఎక్కించడం వీటన్నిటిలో తేలికైనది. మూడేళ్ల బిడ్డ ఒక్కో మెట్టుకు ఒక్కో కాలు మార్చుతూ ఎక్కగలదు. దిగేటప్పుడు అలా మార్చడానికి మరికొంత కాలం పడుతుంది, తొందరపెట్టకూడదు.

మనకు సముద్రతీరం ఉంది. జారే ఇసుకలో అడుగులు వేయడానికి మడమలు, పిక్కలు, నడుము పడే శ్రమ గచ్చు మీద నడకకు ఉండదు. చెప్పులు విప్పి, నీటికి బాగా ఎడంగా, పొడి ఇసుకలో గుంటలు తవ్వించి, గుట్టలు ఎక్కించి, దూకించి తీసుకురావచ్చు. ఆర్కే బీచ్ దగ్గర అలలు లోపలికి లాగుతాయి కనుక పసివారిని నీళ్లలోకి దించవద్దని, కళ్లు వారి మీదనే ఉంచాలని మాత్రం గట్టిగా చెబుతున్నాను. మన ఉక్కపోతకు ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు దాటాక అనువైన వేళలు.

అందరు పిల్లలూ ఒకే నెలలో ఒకే పని చేయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం సహా అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన వివరాల్లో, తోడు లేకుండా నడక వచ్చే వ్యవధి సుమారు 8 నెలల నుంచి 17 నెలలు దాటే వరకు ఉంది. పక్కింటి బిడ్డతో పోల్చి బెంగపడనక్కరలేదు. కానీ 18 నెలలు నిండినా నడవకపోయినా, వచ్చిన నడక పోతున్నా, ఒక పక్క చేయి, కాలు మాత్రమే వాడుతున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి ఎదుగుదల లోపాలను అంగన్‌వాడీల్లోనే పరీక్షించే ఏర్పాటు ఉంది.

పాలకులకు, బడుల యజమానులకు నా విన్నపం ఇది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలని చెబుతుంది. అయితే ఆ చట్టం ఆరేళ్ల వయసుతో మొదలవుతుంది కనుక అంతకన్నా చిన్నవారి ప్లేస్కూళ్లకు ఆ నిబంధన వర్తించదు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటల ద్వారానే చదువు సాగాలన్న 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక కూడా రెండు గదుల ఇంట్లో వంద బల్లలు వేసి బడి నడపడం తగునా? ప్లేస్కూళ్లకు అనుమతి ఇచ్చే ముందు తలుపు తెరిస్తే అడుగు పెట్టగల ఖాళీ స్థలం ఉందో లేదో చూడాలి. అద్దె గదుల్లో నడిచే అంగన్‌వాడీలకు దగ్గరి పార్కును పొద్దుట ఒక గంట కేటాయించాలి. మా కాలనీ పార్కులో పెద్దలకు నడకదారి, వ్యాయామ పరికరాలు ఉన్నాయి, సంతోషమే. ఆరేళ్లలోపు వారికి మాత్రం మధ్యాహ్నం కాలిపోయే ఒక రేకు జారుడుబల్ల తప్ప మరేమీ లేదు. ప్రతి వార్డు పార్కులో చెట్టునీడన ఒక ఇసుక గుంట, మోకాలెత్తు అరుగు, ఒక దుంగ, ఎత్తు తక్కువ ఉయ్యాల పెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు.

మా పాపకు అదనపు పేజీలు రాయించలేదు. సాయంత్రాలు మెట్లు దిగి ఏనుగు నడక, కప్ప గెంతులు, వారానికి రెండుసార్లు ఇసుక. దసరా సెలవుల నాటికి ఒంటికాలి మీద పది అంకెల దాకా నిలబడింది. అక్షరాలు ఇంకా పెద్దవిగానే ఉన్నాయి, గీత దాటుతూనే ఉన్నాయి, కానీ చేతిని తలకు ఆనించకుండా నిటారుగా కూర్చుని రాస్తోంది. ఆ సంగతి బడి వారికి కూడా ఉత్తరం రాసి చెప్పాను. రోజూ అరగంట పిల్లలను వరండాలోకి వదలడానికి వారు ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం